రెండు ఎర్రకాయలు, రెండు తాలు

చేపల రేవులో పుట్టినవాడికి వాసన తెలియకపోతే అది అదృష్టం. మిర్చి పండే ఊళ్ళో పుట్టినవాడికి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియకపోతే దాన్ని ఏమనాలో మా ఊళ్ళో చాలామంది చాలా రకాలుగా చెప్పారు. అవన్నీ ఇక్కడ రాయలేను.

నాకు ఎనిమిదేళ్ళున్నప్పుడు మా నాన్న మొదటిసారి కోతకి చేలోకి దించాడు. పండుకాయలు కోయమన్నాడు. నేను పండుకాయలూ కోశాను, పచ్చికాయలూ కోశాను, ఎవరికీ అన్యాయం చెయ్యకుండా. మా నాన్న గోతం కుమ్మరించి చూశాడు. తరవాత గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడ్డావు కదరా అన్నాడు. ఆ సామెత అప్పటిదాకా ఊరందరిదీ. ఆ రోజు నుంచి నాది.

కళ్ళు మోసం చేశాయి కాబట్టి చెవులు పెంచుకున్నాను. ఎండుమిర్చి గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడిస్తే సరుకు ఎంత ఎండిందో చెప్పగలను. బాగా ఎండిన కాయలో గింజ గలగలలాడుతుంది. చెమ్మ ఉంటే మూగగా ఉంటుంది. గుంటూరు మిర్చి యార్డులో కొనేవాళ్ళ తరఫున మచ్చు తీసేటప్పుడు టిక్కీ, అంటే మిర్చి బస్తా, అడుగుదాకా చెయ్యి దూర్చి, పిడికిలి పైకి తీసి, కళ్ళు మూసుకుని ఆడిస్తాను. కళ్ళు మూసుకోవడం భక్తి అనుకునే కుర్రాళ్ళున్నారు. తెరిచినా నాకు పెద్ద ప్రయోజనం లేదని వాళ్ళకి తెలియదు. ఈ చెవి మీద నాకు గర్వం ఉంది. అది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ కథలో నా పరువు తీసింది ఆ చెవే.

పద్దెనిమిదేళ్ళప్పుడు విమానాల కొలువుకి సెలక్షన్లు జరుగుతున్నాయంటే వెళ్ళాను. మా చేల మీదుగా పోయే విమానాలని చూసి చూసి పట్టుకున్న పిచ్చి అది. పరుగు పాసయ్యాను, ఎత్తు సరిపోయింది, ఛాతీ ఉబ్బించాను. చివర ఒక డాక్టరు చుక్కలు చుక్కలుగా ఉన్న పుస్తకం తెరిచి ఇందులో ఏ అంకె ఉందో చెప్పమన్నాడు. అంకె ఎక్కడుందని అడిగాను. ఆయన పేజీ తిప్పాడు. అక్కడా అదే అడిగాను. మూడో పేజీ తరవాత ఆయన పుస్తకం మూసి, బాబూ నీకు విమానం కుదరదు అన్నాడు. చాలా మెత్తగానే అన్నాడు. అయినా ఆ మాట నా గొంతులో చేపముల్లులా ముప్పై ఏళ్ళు అలాగే ఉండిపోయింది.

ఆ తరవాత పెళ్ళి. పొదిలి వైపు సంబంధం. చూపులకి వెళ్ళి వచ్చాక నచ్చిందా అని మా అమ్మ అడిగితే, ఆకుపచ్చ చీర కట్టుకున్న అమ్మాయి బాగుందమ్మా అన్నాను. ఆ రోజు పెళ్ళికూతురు కట్టుకున్నది ఎర్రచీర. ఆకుపచ్చ చీర కట్టుకున్నది ఎవరో ఇప్పటికీ తేలలేదు. ఈ సంగతి మా ఆవిడకి ఎవరు మోశారో గానీ, పెళ్ళయి ఇన్నేళ్ళైనా ఏదైనా తేడా వస్తే మీరు ఆ ఆకుపచ్చ చీర ఆవిడ్ని చేసుకోవలసింది అంటుంది.

మా ఆవిడ తాలు ఏరడంలో దిట్ట. కల్లంలో ఆరబోసిన ఎర్రకాయల మధ్య రంగు పోయి తెల్లబడిన కాయలుంటాయి. వాటినే తాలు అంటారు. అవి ఏరకపోతే మంచి సరుకు ధర కూడా పడిపోతుంది. ఆమె పక్కింటావిడతో మాట్లాడుతూనే, చూపు ఎక్కడో పెట్టి, వేళ్ళతో తాలు లాగి పక్కన పడేస్తుంది. నన్ను మాత్రం కాయలు ఆరబోసిన టార్పాలిన్ పట్టా మీద కాలు పెట్టనివ్వదు. కిందటేడు సాయం చేస్తానని కూర్చుని అరగంటలో ఏరిందంతా మళ్ళీ కలిపేశాను.

ఇలా ఉండగా మా బావమరిది ఒంగోలులోని తన కంప్యూటర్ల కొట్టులో మూలపడి ఉన్న మంచి కంప్యూటరొకటి నాకు పంపాడు. పంట లెక్కలు రాసుకోవడానికి అన్నాడు. కానీ లోపల విమానం నడిపే ప్రోగ్రాం ఒకటి ఎక్కించి ఉంచాడు. నా చుక్కల పుస్తకం సంగతి వాడికి తెలుసు. తెరిచి చూద్దును కదా, నిజం విమానంలో ముందు సీట్లో కూర్చుంటే ఎలా ఉంటుందో అలా ముళ్ళూ గడియారాలూ, ఎదురుగా రన్‌వే. నాకు నలభై తొమ్మిదేళ్ళు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి చూసుకున్నాను, మిర్చి ఘాటు కాదు. నిజం కన్నీళ్ళే.

కీబోర్డు మీట నొక్కి లేపాను. లేచింది. దించబోయాను. పొలంలో పడింది. మళ్ళీ లేపాను, చెరువులో పడింది. మీటలతో విమానం నడపడమంటే అట్లకాడతో పెరుగన్నం తినడమే. నొక్కితే పూర్తిగా వంగుతుంది, వదిలితే పూర్తిగా లేస్తుంది, నడిమి రకం లేదు. వంటింట్లోంచి కూలిన చప్పుడు విన్నప్పుడల్లా మా ఆవిడ ఇది ఎన్నోదండీ అని అడిగేది.

ఆమెకి ఆ మూల కావాలి. ముందు గదిలో కిటికీ పక్కన వెలుతురు బాగుండే మూల అది. కుట్టుమిషన్ అక్కడ వేసుకుందామని ఆమె ఎప్పటి నుంచో అనుకుంటోంది. ఆ మూలలో నా బల్ల చేరింది. నాలుగు రోజులు చూసి ఒక ఉదయం వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఆఖరి కోత కల్లంలోంచి లేచేలోపు దాన్ని ఒక్కసారి క్షేమంగా కిందికి దించండి. నా కళ్ళముందు. దించితే మూల మీది. లేకపోతే మిషన్‌ది, ఈ డబ్బా తిరిగి మా తమ్ముడికి."

న్యాయమైన మాటే. కానీ నాకు అది మూల గొడవలా అనిపించలేదు. ఇప్పుడు కూడా దించలేకపోతే ఆ డాక్టరు చెప్పిందే నిజమని ఒప్పుకోవాలి. అది నా వల్ల కాదు.

బావమరిదికి ఫోన్ చేశాను. విమానాన్ని అటూ ఇటూ వంచే స్టిక్ ఒకటీ, జోరు పెంచి తగ్గించే థ్రాటిల్ ఒకటీ కొనాలి, మన తాహతుకి తగ్గది చెప్పమన్నాను. వాడు గంటసేపు పాఠం చెప్పాడు. చవక స్టిక్కుల్లో లోపల పాత రేడియో వాల్యూమ్ బిళ్ళ లాంటిది ఉంటుందట. కొన్నాళ్ళకి అది అరిగి, దుమ్ముపట్టి, రేడియో గరగరలాడినట్టు విమానం గింజుకుంటుందట. ఇంకొంచెం మంచివాటిలో ఒకదాన్నొకటి తాకకుండా పనిచేసే అయస్కాంతం ఉంటుంది. అది అరగదు. మిర్చి దుమ్ములో బతికేవాడికి అయస్కాంతమే దిక్కు అన్నాడు. పిడి కుడిఎడమలకి మెలితిరిగేది చూసుకో, అప్పుడు కాళ్ళ పెడళ్ళు విడిగా కొనక్కరలేదు అన్నాడు. కింద బరువుండాలి, లేకపోతే లాగినప్పుడల్లా లేచి ఒళ్ళోకి వస్తుంది అన్నాడు. థ్రాటిల్ విడిగా ఉంటే మంచిదే, కానీ దానికి కంప్యూటర్‌కి తగిలించే తీగ సొంతంగా ఉందో లేక తన స్టిక్కుతోనే ముడిపడి బతుకుతుందో చూసుకోమన్నాడు. కొత్తవి వద్దు, గుంటూరులో వాడినవి దొరుకుతాయి అని ఒక కొట్టు గుర్తులు చెప్పాడు. చివర ఒక మాట అన్నాడు. "బావా, తొందరపడి నీ తెలివి వాడకు. కొట్టతను ఏది చెబితే అది తీసుకో."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కందకి లేని దురద కత్తిపీటకి ఎందుకని మనసులో అనుకుని బస్సెక్కాను.

ఆ కొట్టు గుంటూరులో ఒక సందులో ఉంది. పాత టీవీలు, ఫ్యాన్లు, కంప్యూటర్ విడిభాగాలు నేల నుంచి కప్పుదాకా పేర్చి ఉన్నాయి. నడుపుతున్న భాయ్‌ది నా వయసే. వాళ్ళ నాన్న కాలం నుంచి రేడియోలు బాగుచేసే కుటుంబం. సంగతి చెప్పగానే రెండు స్టిక్కులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెండూ నల్లవే, రెండూ ఒకే ధర. నలుపు నాకు బాగానే కనిపిస్తుంది.

నేను ఊరుకోలేదు. మొదటిది చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టి, కళ్ళు మూసుకుని ఆడించాను. మూగగా ఉంది. రెండోది ఆడించాను. గలగల. ఎంత చక్కటి గలగలనుకున్నారు. యార్డులో ఆ చప్పుడు వింటే బేరం ఆడకుండానే చెయ్యి కలిపేవాణ్ణి. ముప్పై ఏళ్ళ అలవాటు ఒక్క క్షణంలో తీర్పు చెప్పేసింది. ఇది ఎండిన సరుకు, అది చెమ్మ పట్టింది.

నేను ఏం చేస్తున్నానో భాయ్‌కి అర్థం కాలేదు. అర్థమైనంతలో మంచి సలహానే ఇచ్చాడు. "ఏమండీ, అది వద్దు. లోపలేదో ఊడినట్టుంది. మొదటిది తీసుకోండి, అందులో అయస్కాంతం ఉంది, పిడి కూడా మెలి తిరుగుద్ది."

ఇక్కడ నా రెండో తెలివి నిద్రలేచింది. అమ్మేవాడు ఒక టిక్కీని పనిగట్టుకుని ముందుకు తోస్తున్నాడంటే దాని అడుగున తాలు ఉన్నట్టే. ఇది యార్డులో పుట్టిన ప్రతివాడికీ తెలిసిన విషయం. నేను భాయ్ వైపు చూసి చిన్నగా నవ్వి, నాకు ఇదే కావాలండీ అని గలగలలాడేది సంచిలో వేసుకున్నాను. అతను తల గోక్కున్నాడు. పనిచేయకపోతే తెచ్చెయ్యండి అన్నాడు. ఎంత మంచిగా అన్నాడో అంత అనుమానం పెరిగింది.

ఇంటికొచ్చి తగిలించాను. విమానం లేచింది. లేచి ఎడమవైపు తిరిగింది. కుడికి వంచాను. ఎడమవైపే తిరిగింది. వదిలేశాను. ఇంకా శ్రద్ధగా ఎడమవైపు తిరిగింది. అలా గానుగెద్దులా ఒకే చోట ఇరవై చుట్లు తిరిగి చివరికి విసుగొచ్చినట్టు నేలలోకి దూరింది. గాలి అటుంది అన్నాను. మా ఆవిడ తెర వెనకాల చూసి ఇక్కడేం గాలి లేదే అంది. ప్రోగ్రాంలో తప్పుందన్నాను, కంప్యూటర్‌ది అన్నాను, కరెంటు ఎగుడుదిగుడు అన్నాను. ఆడలేక మద్దెల ఓడు అని ఊరికే అనలేదు పెద్దలు.

ఆదివారం బావమరిది వచ్చాడు. స్టిక్ చేతిలోకి తీసుకుని ఆడించి, ఎందుకిలా మోగుతోందని అడిగాడు. మోగుతుందనే కొన్నానన్నాను. వాడు నా వంక చూసిన చూపు ఈ జన్మలో మర్చిపోలేను. నాలుగు మరలు విప్పి బోర్లిస్తే విరిగిన స్ప్రింగు ముక్క, ఒక ప్లాస్టిక్ పంటి ముక్క, ఎవరిదో చొక్కా గుండీ బల్ల మీద పడ్డాయి. గింజలు అనుకున్నావా బావా అని అడిగాడు. అవునన్నాను. అబద్ధం చెప్పి ప్రయోజనం లేదు. వాడు నవ్వి నవ్వి కంట్లో నీళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడే గట్టిగా కేక పెట్టి బావి దగ్గరికి పరిగెత్తాడు. నేను కల్లంలోంచి వచ్చి చేతులు కడుక్కోకుండా నాలుగు రోజులుగా పట్టుకున్న స్టిక్ అది. ఎన్ని టిక్కీల కారం దాని పిడికి పట్టిందో. అరగంటసేపు వాడి కళ్ళ మీద మజ్జిగ గుడ్డలు వేసి కూర్చోబెట్టింది మా ఆవిడ. చుట్టుపక్కలవాళ్ళు వచ్చి ఏం జరిగిందని అడిగితే విమానం కూలిందని చెప్పింది.

మర్నాడు మళ్ళీ గుంటూరు. తల వంచుకుని కొట్టులోకి అడుగుపెట్టాను. భాయ్ బల్ల కింద నుంచి మొదటి స్టిక్ తీసి ముందు పెట్టాడు. కాగితంలో చుట్టి పక్కన పెట్టి ఉంచాడు. మీరు మళ్ళీ వస్తారని తెలుసండీ అన్నాడు. సిగ్గేసింది. ఆ మనిషిని తాలు సరుకు అమ్మేవాడనుకున్నందుకు నిజంగా బాధేసింది. ఆ మాటే చెప్పేశాను, చెవి సంగతి, గింజల సంగతి అంతా. అతను నవ్వలేదు. వాళ్ళ నాన్న కూడా రేడియోని తెరవకుండా చెవి పెట్టి జబ్బు చెప్పేవాడట. కాకపోతే మోగితే బాగుందనేవాడు కాదట.

టీ తెప్పించాడు. తాగుతూ థ్రాటిల్ సంగతి ఎత్తాను. కొత్తది మన అందుబాటులో లేదు. అతను కాసేపు ఆలోచించి పైనుంచి ఒక అట్టపెట్టె దించాడు. రెండు మీటలున్న థ్రాటిల్. దాని స్టిక్ ఎక్కడో పోయింది, ఇది ఒక్కటే మిగిలింది, ఎవరూ అడగరు కాబట్టి తక్కువకే ఇస్తానన్నాడు. జోడు తప్పిన ఎద్దు. ఆ సంగతి నాకు తెలుసు. ఒంటెద్దుని చవకగా కొని, ఇంట్లో ఉన్నదానితో జోడు కట్టి దున్నుకోవడం మా తాతల నాటి విద్య. కాడి సమానంగా మోస్తాయా లేదా అన్నదే చూసుకోవాలి. బావమరిది పాఠం గుర్తొచ్చి దీనికి సొంత తీగ ఉందా అని అడిగాను. ఉందన్నాడు. ఆడించి చూడమంటారా అని నన్నే అడిగాడు. వద్దండీ, మీరు చెప్పారు కదా, చాలు అన్నాను. ఆ ఏడాది నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

అయస్కాంతం స్టిక్ వెన్నలా కదిలింది. కుడి అంటే కుడి, ఎడమ అంటే ఎడమ. థ్రాటిల్‌ని బల్లకి బిగించడానికి మరలు లేకపోతే టిక్కీలు కుట్టే దబ్బనంతో పురికొస వేసి కట్టేశాను. ఇక దించడమే తరువాయి అనుకున్నాను. ముందుంది ముసళ్ళ పండగ.

మా పాత ట్రాక్టర్‌లో చేతి యాక్సిలరేటర్ ఉంటుంది. మన వైపుకి లాగితే ఇంజన్ జోరు పెరుగుతుంది, అవతలికి తోస్తే తగ్గుతుంది. పాతికేళ్ళుగా నా చేతికి తెలిసిన ధర్మం అది. విమానంలో సరిగ్గా తిరగేసి ఉంటుంది. తోస్తే పెరుగుతుంది. నేను రన్‌వే దగ్గరికి చక్కగా వస్తాను, ఇక తగ్గిద్దామని అవతలికి తోస్తాను, విమానం ఉరుముతూ రన్‌వే మొత్తం దాటి అవతలి గుట్టలో దూరుతుంది. కంప్యూటర్‌లో ఒక్క గడిలో టిక్కు పెడితే మీట తిరగబడుతుందని బావమరిది చెప్పాడు. నేను ఒప్పుకోలేదు. పైలట్లు ఎలా చేస్తారో నేనూ అలాగే చేస్తాను. కష్టపడి నాలుగు రోజుల్లో చేతికి కొత్త ధర్మం నేర్పాను. అయిదో రోజు పొద్దున్నే ట్రాక్టర్ మీద మిర్చి లోడుతో పోతూ జోరు పెంచుదామని మీట అవతలికి తోశాను. నడిరోడ్డు మీద ఇంజన్ ఆగిపోయింది. పెదకాకాని గుడికి పోతున్న ఆటోలన్నీ వెనక నిలబడి హారన్లు కొట్టాయి. ఆ సాయంత్రం మా ఆవిడ కాగితం ముక్క మీద "ఇది ట్రాక్టర్ కాదు" అని రాసి థ్రాటిల్‌కి అంటించింది. ఇంకోటి రాసి ట్రాక్టర్‌కి అంటించింది. దాని మీద "ఇది విమానం కాదు" అని ఉంది. ఊళ్ళో చదవనివాడు లేడు.

మీటలు లొంగాయి. అయినా విమానం దిగలేదు. ఒకసారి రన్‌వేకి ముందే పడేది, ఇంకోసారి పైనుంచి దాటిపోయేది. ఎత్తు సరిగ్గా ఉందో లేదో నాకు అందేది కాదు. ఎలా తెలుస్తుందో వెతికి చదివాను. రన్‌వే పక్కన నాలుగు దీపాలు వరసగా ఉంటాయట. నాలుగూ తెల్లగా ఉంటే మనం మరీ ఎత్తులో ఉన్నట్టు. నాలుగూ ఎర్రగా ఉంటే మరీ కిందికి జారినట్టు. రెండు ఎరుపు, రెండు తెలుపు కనిపిస్తే సరైన దారి.

ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. తెర మీద నాలుగు దీపాలూ నాకు కనిపిస్తున్నాయి. నాలుగు నూకగింజలు, నాలుగూ ఒకటే; అంత చిన్న చుక్కలో ఎరుపు నాకు తెలుపులోనే కలిసిపోతుంది. కుర్చీ ముందుకు జరుపుకుని తెరకి ముక్కు ఆనించి చూశాను. కాస్త మసగ్గా ఏదైనా ఉందేమోనని ఒకదాని తరవాత ఒకటి చూశాను. ఏమీ లేదు. ముప్పై ఏళ్ళ తరవాత అదే డాక్టరు వచ్చి, మా ఇంట్లో, మా కిటికీ పక్కన కూర్చుని, అదే పుస్తకం తెరిచినట్టనిపించింది. ఏడుపొచ్చింది. స్టిక్ మార్చవచ్చు, థ్రాటిల్ మార్చవచ్చు. ఈ కళ్ళకి జోడు ఏ సందులో దొరుకుతుంది?

ఎవరికీ చెప్పలేదు. తరవాత వారం ఊరికే లేపుతూ కూల్చుతూ ఉన్నాను. ఈలోగా ఆఖరి కోత అయిపోయింది. కల్లంలో కాయలు ఎండాయి, టిక్కీలకి ఎత్తారు. మా ఆవిడ పట్టా దులిపి మడతపెట్టి, చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుని వచ్చింది. పొద్దు వాలుతోంది. ఇంకో కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

"కల్లం లేచింది. దించండి చూద్దాం."

లేపాను. చుట్టు తిప్పి రన్‌వేకి ఎదురుగా తెచ్చాను. ఆ పక్కన మినుకుమినుకుమంటున్నాయే అవేంటని అడిగింది. దీపాలన్నాను. కాసేపు చూసి, తనలో తాను అనుకుంటున్నట్టు, మూడు తాలు, ఒకటి కాయ అంది.

మళ్ళీ చెప్పమన్నాను. నాలుగింట్లో మూడు తెల్లగా తాలుకాయల్లా ఉన్నాయి, ఒకటి ఎర్రగా ఉంది, కనపడట్లేదా అని నా ముఖంలోకి చూసింది. అప్పుడు ఆమెకి అర్థమైంది. వారం రోజులుగా నేను ఎందుకు మాట్లాడట్లేదో కూడా అర్థమైనట్టుంది. కుర్చీ దగ్గరికి జరుపుకుంది. మీరు నడపండి, నేను ఏరతాను అంది.

థ్రాటిల్ తగ్గించాను. రెండయ్యాయంది. కంగారులో నేను చదివిన లెక్క మర్చిపోయి ఇంకొంచెం తగ్గించాను. మూడు కాయలు, ఒకటే తాలు అంది, గొంతులో హుషారు పెరుగుతోంది. ఆ హుషారు చూసి నేనూ ఇంకా తగ్గించాను. ఇప్పుడు బ్రహ్మాండంగా ఉంది, నాలుగుకి నాలుగూ ఎర్రగా నిగనిగలాడుతున్నాయి, ఒక్క తాలు లేదు అని చెప్పింది. విమానం రన్‌వేకి ముందున్న పొలంలో దిగబడి ముక్కలైంది.

తప్పు నాదే. ఎలా ఉంటే మంచి సరుకో నేను ఆమెకి చెప్పలేదు. సగం ఎరుపు, సగం తెలుపు ఉండాలని అప్పుడు చెప్పాను. ఆమె నమ్మలేదు. సగానికి సగం తాలున్న సరుకు ఏ యార్డులో కొంటారండీ అని వాదించింది. నాలుగు దీపాల గురించి రాసింది చదివి వినిపించాను. రాసినవాడికి మిర్చి గురించి తెలియదని తేల్చేసి, అయినా సరే, వాళ్ళకి ఎలా కావాలంటే అలాగే ఏరిపెడతాను, మళ్ళీ లేపండి అంది.

గడువు అయిపోయిందని గుర్తుచేశాను. పట్టా ఇంకా లోపల పెట్టలేదు అంది.

మళ్ళీ లేపాను. చుట్టు తిరిగి ఎదురుగా వచ్చాను. నాలుగూ తాలు, చాలా ఎక్కువ. తగ్గించాను. మూడు తాలు. తగ్గించాను. రెండూ రెండూ. అక్కడ ఆపండి. కాయ ఎక్కువవుతోంది, కాస్త పెంచండి. పెంచాను, అవతలికి తోసి. రెండూ రెండూ. రెండూ రెండూ. ఆమె చూపు తెర మీద నుంచి కదల్లేదు. పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చి పిలిస్తే చేత్తో ఆగమని సైగ చేసింది. నల్లటి రోడ్డు వెడల్పు అవుతూ పైకి వచ్చింది. మీట పూర్తిగా నా వైపుకి లాగాను, స్టిక్ కొద్దిగా ఎత్తిపట్టాను. కీచుమంది. ఒకసారి ఎగిరి మళ్ళీ కూర్చుంది. పరిగెత్తింది, నెమ్మదించింది, ఆగింది. ఇంజన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. రెక్కలు రెండూ ఉన్నాయి. లెక్కపెట్టాను.

ఇద్దరం అలాగే కూర్చున్నాం. ఆమే ముందు అంది.

"ఆ డాక్టరు చుక్కల పుస్తకం చూపించిన రోజు మీ పక్కన నేను కూర్చుని ఉంటే సరిపోయేది."

"అప్పటికి నువ్వెవరో నాకు తెలియదు కదా."

"తెలిసినా ఆకుపచ్చ చీర ఆవిడని తీసుకెళ్ళేవాళ్ళు."

పందెం ప్రకారం మూల నాది. కానీ మర్నాడు నేనే బల్లని ఒక పక్కకి జరిపి మిషన్ తెచ్చి కిటికీ వైపు వేశాను. వెలుతురు ఆమెకే కదా అవసరం. ఇప్పుడు సాయంత్రాలు ఒక పక్క మిషన్ టకటక, ఒక పక్క ఇంజన్ హోరు. బావమరిది వచ్చినప్పుడు స్టిక్ ముట్టుకునే ముందు నా చేతులు వాసన చూస్తాడు. విమానం లేచేటప్పుడూ, మబ్బుల్లో తిరిగేటప్పుడూ ఆమె నా వైపు చూడదు, జాకెట్లు కుట్టుకుంటుంది. దిగే ముందు మాత్రం మిషన్ ఆపి ఇటు తిరుగుతుంది.